రెడ్‌వుడ్ అడవుల కలప రైళ్ళు

అమెరికా పడమటి తీరంలో, కాలిఫోర్నియా రాష్ట్రపు రెడ్‌వుడ్ అడవుల నుంచి రంపపు మిల్లులకు దుంగలు మోయడానికి 1850ల నుంచి నూరేళ్ళకు పైగా నడిచిన చిన్న చిన్న రైలుమార్గాలివి. శాన్ ఫ్రాన్సిస్కోకు దక్షిణాన శాంటా క్రూజ్ కొండల్లోనూ, ఉత్తరాన సొనోమా, మెండొసినో, హంబోల్ట్, డెల్ నార్టే కౌంటీల్లోనూ ఉండేవి. చాలావాటికి స్టేషను లేదు, టిక్కెట్టు లేదు, టైంటేబుల్ లేదు. చెట్లున్న లోయలోకి పట్టాలు వేశారు. చెట్లు అయిపోగానే అవే పట్టాలు పీకి పక్క లోయలో పరిచారు. నిలవాలని వేసిన దారులు కావు గనుక వీటి ఆనవాళ్ళు నేల మీద కన్నా మనుషుల తలపుల్లోనే ఎక్కువ మిగిలాయి. ఆ తలపులను ఓపికగా పోగుచేసినవారు రైలు ప్రియులు. కెమెరా భుజాన వేసుకుని అడవుల వెంట తిరిగినవారు, ముసలి డ్రైవర్ల పక్కన కూర్చుని కబుర్లు రాసుకున్నవారు, తుప్పుపట్టిన ఇంజిన్లను పొదల్లోంచి బయటికి లాగినవారు వాళ్ళే.

రెడ్‌వుడ్ పేరు వినగానే మనకు శేషాచలం ఎర్రచందనం గుర్తుకు రావచ్చు. రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది సైప్రస్ కుటుంబానికి చెందిన మహావృక్షం. పసిఫిక్ సముద్రపు పొగమంచు చేరినంత మేరే పెరుగుతుంది. నేడు ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన చెట్టు ఈ జాతిదే. 2006లో కనుగొన్న ఆ చెట్టుకు హైపీరియన్ అని పేరు పెట్టారు. దాని ఎత్తు దాదాపు 116 మీటర్లు. పెద్ద చెట్ల మొదళ్ళు ఐదారు మీటర్ల అడ్డుకొలత ఉంటాయి, బెరడే అడుగు మందం ఉంటుంది. కలప చెదపురుగుకూ కుళ్ళుకూ సులభంగా లొంగదు. అందుకే ఇళ్ళ పైకప్పు పెంకులకూ, నీటి తొట్లకూ, రైలు స్లీపర్లకూ దాని కోసం ఎగబడ్డారు. కొట్టడం ఒక ఎత్తు, కదిలించడం మరో ఎత్తు. ఈ రైళ్ళ కథంతా ఆ బరువు చుట్టూనే తిరుగుతుంది.

ఎద్దులు, డాంకీలు, జిప్సీలు

తొలి రోజుల్లో దుంగలను లాగింది ఎద్దులు. అడవిలో దారి పొడవునా అడ్డంగా కొయ్యలు పాతి, వాటిని నీళ్ళతోనో కొవ్వుతోనో జారుడుగా చేసి, అనేక జతల ఎడ్లను ఒకే వరుసలో కట్టి దుంగల గొలుసును ఈడ్పించేవారు. చెట్టు పడేటప్పుడు తన బరువుకు తానే చీలిపోకుండా కింద కొమ్మలూ మట్టీ పోసి పరుపు సిద్ధం చేసేవారు. నరికేవాళ్ళు నేల మీద నిలబడేవారు కాదు. మొదలు మరీ లావు కాబట్టి పైన గాటు పెట్టి, అందులో పలక దోపి, ఆ పలక మీద నిలబడి గొడ్డలి వేసేవారు. ఆ గాట్లున్న మోడులు ఇప్పటికీ అడవిలో కనిపిస్తాయి.

ఎద్దుల రోజులకు ముగింపు పలికిన యంత్రం యురేకా పట్టణంలో పుట్టింది. డాల్బీర్ అండ్ కార్సన్ కలప కంపెనీ భాగస్వామి జాన్ డాల్బీర్ 1881లో దాన్ని తయారుచేసి, మరుసటి ఏడాది పేటెంటు తీసుకున్నాడు. స్టీమ్ డాంకీ అని పేరుపడింది. గుర్రమనే గౌరవానికి చాలని చిన్న ఇంజిన్ గనుక గాడిద అన్నారని చెబుతారు. దుంగలతో చేసిన పడవలాంటి చట్రం మీద ఒక నిలువు బాయిలర్, ఒక సిలిండరు, ఒక డోలు, అంతే. డోలు చుట్టూ లావుపాటి తాడును కొన్ని చుట్లు వేసి, కొసను అడవిలో దుంగకు కట్టేవారు. ఆవిరి వదలగానే డోలు తిరిగి తాడును లాగేస్తుంది. డోలు దగ్గర ఒక మనిషి వదులుగా వచ్చే తాడును పట్టుకుని, చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా సర్దుతూ నిలబడతాడు. దుంగ వచ్చేశాక తాడు కొసను మళ్ళీ అడవిలోకి ఈడ్చుకుపోయే పని ఒక గుర్రానిది. దుంగ దగ్గరి వాళ్ళకు ఇంజిన్ కనపడదు. మధ్యలో ఒక కుర్రవాడు నిలబడి తీగ లాగి కూత వేయిస్తాడు. లాగు, ఆపు, వదులు అన్నీ కూత భాషలోనే. కూత తప్పితే తాడు తెగవచ్చు, మనుషులు పోవచ్చు. యంత్రాన్ని మరోచోటికి మార్చాలంటే తాడును దూరాన ఉన్న మోడుకు కట్టి, తనను తానే లాక్కుంటూ పోయేలా చేసేవారు.

ఈ డోలునే రైలింజిన్ ముందు భాగాన బిగిస్తే వచ్చింది జిప్సీ. ఓడల మీద తాళ్ళు చుట్టే డోలుకున్న పేరు అది. ఇంజిన్ పట్టాల మీద అడవిలోకి వెళ్ళి, ఆగి, తన డోలుతో తానే దుంగలను పట్టాల దాకా లాక్కుని, తర్వాత వాటిని మిల్లుకు మోసుకొస్తుంది. రెండు పనులకూ బాయిలర్ ఒకటే. శాన్ ఫ్రాన్సిస్కోలో మార్షుట్జ్ అండ్ కాంట్రెల్ కర్మాగారం తయారుచేసిన ఇలాంటి ఇంజిన్లు రెండు ఇప్పుడు యురేకాలోని ఫోర్ట్ హంబోల్ట్ చారిత్రక ఉద్యానంలో ఉన్నాయి. 1884 నాటిది ఫాక్, 1892 నాటిది బేర్ హార్బర్ ఇంజిన్. పొట్టిగా, పీపాకు చక్రాలు తగిలించినట్లు ఉంటాయి. బొమ్మబండి అనుకుని దగ్గరికి వెళ్ళిన పిల్లలు డోలు మీద తాడు ఒరిసిన గాడులను వేళ్ళతో తడిమి చూస్తారు. ఈ ప్రాంతపు కలప రైళ్ళను అర్థం చేసుకోవడానికి ఒక్క వస్తువునే చూడగలమంటే, ఈ డోలునే చూడాలి.

ద్వీపాల్లాంటి రైళ్ళు

ఈ ప్రాంతంలో పట్టాల చరిత్ర ఆవిరి కన్నా పాతది. నేటి ఆర్కేటా పట్టణాన్ని అప్పట్లో యూనియన్ అనేవారు. 1854లో ఏర్పడిన ఒక కంపెనీ అక్కడ లోతులేని హంబోల్ట్ అఖాతంలోకి పొడవైన చెక్క రేవు కట్టి, దాని మీద కొయ్య పట్టాలు వేసి గుర్రంతో బండి లాగించింది. కాలిఫోర్నియాలోని తొలి రైలుమార్గాల్లో ఇదొకటి. తర్వాత ఇదే ఆర్కేటా అండ్ మ్యాడ్ రివర్ రైల్‌రోడ్‌గా పెరిగి 1980ల దాకా బతికింది. కంపెనీలో పనిచేసిన ఇద్దరు ఉద్యోగినుల పేర్ల మీదుగా జనం దాన్ని ఆనీ అండ్ మేరీ అని పిలుచుకున్నారు. కాగితాల మీద ఉన్న పెద్ద పేరు వాడినవారు తక్కువే. తొలినాళ్ళలో దీని పట్టాల మధ్య దూరం 45¼ అంగుళాలు. మన మీటర్ గేజికీ కాక, అమెరికా ప్రామాణిక గేజికీ కాక, ఎవరికీ చెందని కొలత.

ఆ కొలతకు కారణం ఉంది. అప్పట్లో ఈ ఉత్తర తీరపు రైళ్ళు దేశంలోని మరే రైలుకూ కలిసేవి కావు. ఇంజిన్ ఓడలో వచ్చి దిగేది, కలప ఓడలో వెళ్ళేది. మెండొసినో తీరంలో సరైన రేవులు కూడా లేవు. కొండ అంచు నుంచి కింద లంగరు వేసిన ఓడ మీదికి తీగల మీదుగా పలకలు జార్చేవారు. 1914 అక్టోబరులో ఈల్ నది లోయలో నార్త్‌వెస్టర్న్ పసిఫిక్ లైను పూర్తయ్యేదాకా హంబోల్ట్ రైళ్ళన్నీ ద్వీపాలే. ఎవరి కొలత వారిది, ఎవరి ఇంజిన్ వారిది. అందుకే ఒక్కో కంపెనీ రైలుకూ ఒక్కో స్వభావం ఏర్పడింది. రైలు ప్రియులను ఇంతగా కట్టిపడేసినది ఆ వైవిధ్యమే.

రైలు ప్రియులు అన్నిటికన్నా ఎక్కువగా తలచుకునే ఇంజిన్ షే. మిచిగన్‌కు చెందిన ఎఫ్రాయిమ్ షే 1881లో పేటెంటు పొందిన ఈ ఇంజిన్‌లో సిలిండర్లు కుడిపక్కన నిలువుగా ఉంటాయి. బాయిలర్ తూకం కోసం ఎడమకు జరిగి ఉంటుంది. పక్కన పొడవైన ఇరుసు తిరిగి, పళ్ళచక్రాల ద్వారా ప్రతి చక్రాన్నీ తిప్పుతుంది. మామూలు ఇంజిన్ నూటికి రెండడుగుల ఎక్కుడుకే ఆయాసపడే చోట ఇది ఏడెనిమిది అడుగులు ఎక్కేది, వంకరటింకర పట్టాల మీద కూడా. దాని చప్పుడు ఒకసారి విన్నవారు మరవరు. పళ్ళచక్రాల వల్ల చిమ్నీ గబగబా కొట్టుకుంటుంది. కళ్ళు మూసుకుంటే మెయిలు బండి దూసుకొస్తున్నట్లుంటుంది. తెరిస్తే మనిషి పరుగుతో సమానంగా వస్తూ ఉంటుంది. హైస్లర్, క్లైమాక్స్ ఇంజిన్లదీ ఇదే తెగ.

అయితే కలప రైలంటే షే ఒక్కటే అనుకోవడం పొరపాటు. రెడ్‌వుడ్ లోయల్లో చాలా దారులు వాగుల వెంట మెల్లగా ఎక్కేవి. అక్కడ బాయిలర్ మీదే నీటి తొట్టిని మోసే చిన్న మామూలు ఇంజిన్లు సరిపోయేవి. మెండొసినోలో కాస్పర్ కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి, ఒకే బాయిలర్ కింద రెండు చక్రాల గుంపులుండి, వాటిలో ముందుది విడిగా వంగే మ్యాలే ఇంజిన్లను దించింది. అదే కంపెనీ 1884లో జగ్‌హ్యాండిల్ వాగు మీద 146 అడుగుల ఎత్తున, సుమారు వెయ్యి అడుగుల పొడవున కొయ్య వంతెన కట్టింది. అది 1906 భూకంపానికి కూలిపోయింది. కొయ్య స్తంభాల అల్లికతో కట్టిన ఇలాంటి వంతెనలే ఆనాటి ఫోటోలన్నిట్లో కనిపిస్తాయి. ఉక్కు కన్నా కలపే చవక అయిన చోట మరెలా కడతారు?

స్కంక్ బండి

ఇప్పటికీ పేరు మోగుతున్న రెడ్‌వుడ్ రైలు మెండొసినో తీరంలోని ఫోర్ట్ బ్రాగ్ ఊరిది. 1885లో చార్లెస్ రస్సెల్ జాన్సన్ కలప వ్యాపారం కోసం దీన్ని మొదలుపెట్టాడు. మిల్లు లేచిన ఆ నేల అంతకు ఇరవై ఏళ్ళ ముందు దాకా మెండొసినో ఇండియన్ రిజర్వేషన్. పోమో తదితర మూలవాసులను పోగుచేసి ఉంచిన చోటు. 1866లో దాన్ని మూసేశారు, కొన్నేళ్ళ తర్వాత భూమిని వలసదారులకు తెరిచారు. కలప చరిత్రలు ఈ సంగతిని ఒక వాక్యంతో దాటేస్తుంటాయి. దాటేయదగ్గది కాదు.

పుడింగ్ క్రీక్ లోయ నుంచి నోయో నది లోయలోకి పోవాలంటే కొండను తొలవక తప్పలేదు. 1893లో పూర్తయిన మూడు వందల మీటర్లకు పైబడిన ఆ మొదటి నంబరు సొరంగాన్ని తవ్వింది చైనా కార్మికులు. ఉత్తరాన యురేకాలో 1885 ఫిబ్రవరిలో పట్టణంలోని చైనీయులందరినీ ఓడలెక్కించి వెళ్ళగొట్టారు. వాళ్ళను ఊళ్ళో ఉండనివ్వని తీరంలోనే వాళ్ళ చేతుల మీదుగా రైలుకు దారి పడింది. 1911లో పట్టాలు నోయో వెంట నలభై మైళ్ళు పోయి విల్లిట్స్ చేరాయి. కాకి ఎగిరే దారి అందులో సగం కన్నా కొంచెం ఎక్కువ. మిగతాదంతా వంపులే.

1925లో ప్రయాణికుల కోసం పెట్రోలు ఇంజిన్ ఉన్న రైలుబస్సు పెట్టారు. ఇంజిన్ పొగకు తోడు, లోపల చలికాచుకునే పొయ్యిలో మండే ముడినూనె వాసన. బండి కనపడక ముందే కంపు తెలిసిపోతుందని, భయపడితే దుర్వాసన చిమ్మే స్కంక్ అనే చారల జంతువు పేరు పెట్టేశారు జనం. ఆ ఎగతాళి పేరే చివరికి రైలుకు అధికారిక గుర్తయింది. దారిలో ఒంటరి ఇళ్ళవాళ్ళు చెయ్యి చూపితే బండి ఆగేది. ఉత్తరాలు, సరుకులు దించి పోయేది. నోయో లోయలో పెరిగినవారి జ్ఞాపకాల్లో ఈ రైలు రైలు కాదు, ఊరి బండి. రైలు ప్రియుల జ్ఞాపకం మరోలా మొదలవుతుంది: 1965లో సందర్శకుల కోసం ఆవిరి బండిని తిరిగి తెచ్చినప్పుడు. బాల్డ్విన్ కర్మాగారంలో 1924లో ఆరిగన్ కలప కంపెనీ కోసం తయారైన 45వ నంబరు ఇంజిన్ అప్పటి నుంచీ ఇక్కడిదే అయిపోయింది.

2013లో ఆ చైనా కార్మికుల సొరంగం కొంత కూలింది. దేశం నలుమూలల నుంచి అభిమానులు చందాలు పంపారు. రెడ్‌వుడ్ అడవుల రక్షణకు 1918లో పుట్టిన సేవ్ ద రెడ్‌వుడ్స్ లీగ్ కూడా చెయ్యి వేసింది. చెట్లను కాపాడే సంస్థ చెట్లను మోసిన రైలును ఆదుకోవడం నూరేళ్ళ కింద ఊహించలేని విషయం. సొరంగం తెరుచుకుంది. 2015లో మళ్ళీ మూసుకుపోయింది. ఆ తర్వాత రెండు కొసల నుంచి వేర్వేరుగా పర్యాటక బండ్లు నడుపుతూ వచ్చారు. పట్టాల మీద తొక్కే సైకిళ్ళు కూడా పెట్టారు.

లారీలు వచ్చాక

1930ల నుంచి ట్రాక్టర్లు, లారీలు అడవిలోకి చేరాయి. లారీకి పట్టా వేయనక్కర్లేదు, కొయ్య వంతెన కట్టనక్కర్లేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కంపెనీలు ఒక్కొక్కటిగా పట్టాలు పీకాయి. ఫోర్ట్ బ్రాగ్ నుంచి ఉత్తరాన టెన్ మైల్ నదికి సముద్రం ఒడ్డునే పోయిన కలప లైను 1949లో లారీల బాట అయింది. ఈల్ లోయ లైను 1964 డిసెంబరు వరదకు మైళ్ళకు మైళ్ళు కొట్టుకుపోయింది. దాన్ని కొన్ని నెలల్లోనే మళ్ళీ వేశారు కానీ, జారే కొండలతో పోరు ఎన్నటికీ ముగియలేదు. 1998లో కేంద్ర రైల్వే అధికారులు ఆ మార్గాన్ని మూయించారు. ఇప్పుడు దాన్ని గ్రేట్ రెడ్‌వుడ్ ట్రయిల్ పేరిట మూడు వందల మైళ్ళకు పైబడిన కాలిబాటగా మార్చే పని సాగుతోంది.

అడవి సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు ఇరవై లక్షల ఎకరాల్లో ఉన్న పాత రెడ్‌వుడ్ అడవిలో మిగిలింది సుమారు ఐదు శాతం. రైలు ఒక్కటే దానికి కారణం కాదు, లారీల కాలంలో నరికింది కూడా చాలా ఉంది. కానీ అందనంత లోతున్న లోయలను అందుబాటులోకి తెచ్చింది పట్టాలే. ఈ రైళ్ళను ప్రేమించేవారిలో ఆలోచనాపరులు ఈ నిజాన్ని దాచరు. మోడు పక్కన నిలబడి ఇంజిన్‌ను మెచ్చుకోవాలంటే మోడును కూడా చూడాలి.

దాచినవాళ్ళు

రైలు ప్రియులు ఇక్కడికి చేరింది సరిగ్గా పట్టాలు పీకేస్తున్న రోజుల్లో. పెద్ద రైల్వేల అభిమానులకు రిజిస్టర్లు, టైంటేబుళ్ళు, అధికారిక ఫోటోలు దొరుకుతాయి. వీళ్ళకు దొరికింది తడిసిన జీతాల పుస్తకం, ఒక నంబరు పలక, ఒక ముసలి ఫైర్‌మన్ మాట. వాటితోనే రాశారు. గిల్బర్ట్ నైస్ 1956లో రాసిన రెడ్‌వుడ్ రైల్వేస్, కాస్పర్ ఇంజిన్ల మీద టెడ్ వర్మ్ రాసిన మ్యాలేస్ ఆన్ ద మెండొసినో కోస్ట్, లిన్‌వుడ్ కరాంకో, హెన్రీ సోరెన్‌సన్ కలిసి తెచ్చిన స్టీమ్ ఇన్ ద రెడ్‌వుడ్స్ ఈ కృషిలో చెప్పుకోదగ్గవి. మరికొందరు ఇంట్లో బల్ల మీద చిన్న నమూనా అడవులు కట్టి, ఆ వంతెనలను పుల్లలతో స్తంభం వెంట స్తంభం మళ్ళీ లేపారు. ఎక్కడ ఏ స్తంభం ఉండేదో తెలియాలంటే పాత ఫోటోను భూతద్దంతో చదవాలి. చరిత్రకారులు వదిలేసిన కొలతలు చాలా వరకు అలా బయటపడ్డాయి.

యంత్రాలు మిగలడంలో కొంత అదృష్టమూ ఉంది. బేర్ హార్బర్ లైను మరీ మారుమూల. 1905లో యజమాని ప్రమాదంలో చనిపోవడంతో దాని కొత్త మిల్లు నడవనేలేదు. తుక్కుకు అమ్ముదామన్నా బయటికి తెచ్చే ఖర్చు గిట్టదు. అందుకే ఇంజిన్ దశాబ్దాల పాటు అడవిలోనే తుప్పుపట్టింది, అందుకే బతికింది. ఈ పనికి కట్టుబడిన టింబర్ హెరిటేజ్ అసోసియేషన్ 1977లో మొదలైంది. స్వచ్ఛంద కార్యకర్తలు ఫోర్ట్ హంబోల్ట్‌లో డాంకీకి ఆవిరి పెట్టి, తాడు చుట్టి, నిజంగానే దుంగను లాగి చూపిస్తారు. అఖాతానికి అవతల సమోవాలోని పాత రైలు షెడ్లను కాపాడుతూ, ఒకప్పుడు కూలీలను అడవికి మోసిన మోటారు ట్రాలీల మీద జనాన్ని తిప్పుతారు.

శాన్ హోసే చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు బాగా దగ్గరిది శాంటా క్రూజ్ కొండల్లోని ఫెల్టన్. అక్కడి రోరింగ్ క్యాంప్ రైలును 1963లో నార్మన్ క్లార్క్ మొదలుపెట్టాడు. 1912 నాటి డిక్సియానా అనే షే ఇంజిన్ ఇప్పటికీ అక్కడ కొండ ఎక్కుతుంది. ఆ లైను పాత కలప లైను కాదు, సందర్శకుల కోసమే వేసింది. అయినా షే చప్పుడు నిజమైనదే, చెట్లు నిజమైనవే. 1976లో కొయ్య వంతెన కాలిపోతే, బండి ముందుకూ వెనక్కూ నడుస్తూ ఎక్కే జిగ్‌జాగ్ దారి వేసుకున్నారు. పాత కలప కంపెనీ అయినా సరిగ్గా అదే చేసి ఉండేది.

ఫోర్ట్ బ్రాగ్ దగ్గర పుడింగ్ క్రీక్ మీది కొయ్య వంతెనను 2007లో పాదచారులకు తెరిచారు. ఒకప్పుడు దుంగల బండ్లు పోయిన చోట ఇప్పుడు సాయంత్రాలు పిల్లల బండ్లు తోసుకుంటూ పోతారు, కింద వాగు సముద్రంలో కలుస్తుంటుంది.

యురేకాకు ఆగ్నేయంగా ఎల్క్ నది లోయలో ఫాక్ అనే కలప ఊరు ఉండేది. 1937లో మిల్లు మూతపడింది. 1979లో మిగిలిన ఇళ్ళు కూల్చేశారు. ఆ చుట్టుపక్కల పాత అడవిని 1999లో ప్రభుత్వం కొని హెడ్‌వాటర్స్ అభయారణ్యం చేసింది. కాలిబాట వెంట పోతే ఇళ్ళ ముందు పెంచిన తోటమొక్కలు అడవి మొక్కల మధ్య ఇంకా పాకుతూ కనిపిస్తాయి. ఊరి నుంచి మిగిలిన కట్టడం ఒక్కటే, ఇంజిన్ షెడ్డు. దాన్ని విప్పి, కాలిబాట పక్కన మరోచోట తిరిగి నిలిపి, పిల్లలకు అడవి గురించి చెప్పే కేంద్రంగా మార్చారు. ఆ షెడ్డున్న ఊరి ఇంజిన్ ఇప్పుడు లోయలో లేదు. యురేకా ఊరి అంచున, ఫోర్ట్ హంబోల్ట్ గడ్డి మీద, బేర్ హార్బర్ ఇంజిన్‌తో పాటు ఉంది.